పద్దు పాసైంది, మరి డబ్బు?

2024 జూలై 29, సోమవారం. ఆ రోజు ఉదయం మొదలైన తెలంగాణ శాసనసభ మర్నాడు తెల్లవారుజామున మూడు దాటాక గానీ వాయిదా పడలేదు. ఆ ఒక్క విడతలో సభ ముందుకొచ్చినవి 19 పద్దులు, అంటే శాఖలవారీగా ఖర్చుకు అనుమతి కోరే ప్రతిపాదనలు. భాగించి చూస్తే ఒక్కో పద్దుకు గంట కూడా రాదు. అందులోనూ విద్యుత్తు మీద రేగిన వాగ్వాదం పెద్ద ముక్కే తినేసింది. చివరకు పద్దులన్నీ పాసయ్యాయి. ఏ ఒక్కదానిలోనూ ఒక్క రూపాయి తగ్గలేదు, పెరగలేదు.

ఇలాంటి చర్చను టీవీలో చూసేవారికి రెండు సందేహాలు వస్తాయి. ఇంతసేపు మాట్లాడినా అంకె ఎందుకు మారదు? పోనీ, సభ ఆమోదించిన ఆ అంకె మేరకైనా డబ్బు మన ఊరిదాకా ఎందుకు రాదు? రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే. సభ ఇచ్చేది డబ్బు కాదు, 'ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చు' అన్న అనుమతి. డబ్బు రావడం, రాకపోవడం సభ ముగిశాక మొదలయ్యే వేరే వ్యవహారం.

ముందు నియమాల సంగతి. రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఆదాయ, వ్యయాల అంచనాను సభ ముందు పెట్టాలి. మనం బడ్జెట్ అనేది దాన్నే. అందులో కొంత ఖర్చుకు ఓటింగ్ ఉండదు. గవర్నర్ జీతభత్యాలు, హైకోర్టు న్యాయమూర్తుల జీతాలు, రాష్ట్రం చేసిన అప్పుల మీద వడ్డీలు, అసలు చెల్లింపులు వగైరా ఆ కోవలోకి వస్తాయి. వాటి మీద చర్చించవచ్చు గానీ వద్దనే అధికారం సభకు లేదు. అప్పు ఎంత పెరిగితే బడ్జెట్‌లో సభ చెయ్యి ఆడని భాగం అంత పెరుగుతుందన్నమాట. మిగిలిన ఖర్చంతా 203వ అధికరణ కింద శాఖలవారీగా పద్దుల రూపంలో వస్తుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచి వస్తున్న వరుసలో మొత్తం 40 పద్దులు. విద్యుత్తుది 35వ నంబరు, పర్యాటకానిది 37.

ఈ 203వ అధికరణలోనే అసలు మెలిక ఉంది. పద్దును సభ ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, తగ్గించవచ్చు. పెంచలేదు. ఒక శాఖ నుంచి తీసి ఇంకో శాఖకు మార్చనూ లేదు. గవర్నర్ సిఫారసు, అంటే ప్రభుత్వం సమ్మతి లేనిదే ఏ పద్దూ సభలోకి రాదు. కాబట్టి ఒక ఎమ్మెల్యే లేచి 'అధ్యక్షా, మా నియోజకవర్గంలో వాగు మీద వంతెనకు పది కోట్లు ఇవ్వాలి' అని అడిగితే అది చట్టపరంగా విన్నపం మాత్రమే. దానికి ఓటింగ్ ఉండదు, ఉండే వీలూ లేదు.

అలాగని అదంతా వృథా అనలేం. మంత్రి లేచి 'ఈ ఏడాదే మంజూరు చేస్తాం' అంటే ఆ మాట రికార్డుల్లోకి ఎక్కుతుంది. సభలో ఇచ్చిన హామీల అమలు ఎంతవరకు వచ్చిందో చూడటానికి ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి ఉంది. పని తెలిసిన ఎమ్మెల్యే డిమాండు చేసి ఊరుకోడు, మంత్రి నోట తేదీ, పని పేరు పలికించే దాకా కూర్చోడు. 'పరిశీలిస్తాం' అనే మాటకు, 'చేస్తాం' అనే మాటకు సభలో ఎంత తేడా ఉందో మంత్రులకూ బాగా తెలుసు. అందుకే మొదటిదే ఎక్కువ వినపడుతుంది.

ప్రతిపక్షం చేతిలో ఉన్న ఆయుధం కోత తీర్మానం. ప్రభుత్వ విధానమే తప్పని చెప్పాలంటే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని కోరతారు. ఫలానా ఫిర్యాదును సభ దృష్టికి తేవాలంటే వంద రూపాయలు తగ్గించమంటారు. నిజంగానే దుబారా ఉందనుకుంటే ఇంత మొత్తం తగ్గించమంటారు. కోత తీర్మానం నెగ్గిందంటే ప్రభుత్వానికి మెజారిటీ లేదన్నట్టే లెక్క. కాబట్టి అధికార పక్షం నుంచి ఒక్కరూ దాని వైపు ఓటెయ్యరు. చివరి రోజుకు చర్చకు రాని పద్దులు ఇంకా మిగిలి ఉంటే వాటన్నిటినీ ఒకేసారి మూజువాణి ఓటుకు పెట్టేస్తారు. దీన్నే గిలెటిన్ అంటారు. పేరు వింటే తలలు తెగినట్టుంటుంది, తెగేది చర్చ. ఆ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు పాసైతేనే ఖజానా నుంచి సొమ్ము తీసే హక్కు ప్రభుత్వానికి వస్తుంది. శాసనమండలి బడ్జెట్ మీద చర్చించగలదు గానీ పద్దుల మీద ఓటు దానికి లేదు.

ఎన్నికల ఏడాదిలో ఇదంతా మరీ చిత్రంగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో నాలుగు నెలలకు ఓటాన్ అకౌంట్, అంటే పూర్తి బడ్జెట్ వచ్చేదాకా ఖర్చులకు తాత్కాలిక అనుమతి పెట్టారు. ప్రభుత్వం మారాక మరో నాలుగు నెలలకు ఆర్డినెన్స్ తెచ్చారు. 2024-25 పూర్తి బడ్జెట్ సభకు వచ్చింది నవంబర్ 11న. అంటే ఏడు నెలల ఖర్చు అప్పటికే అయిపోయిన ఏడాదికి 'అంచనాలు' చర్చించారు. పైగా 175 మంది సభలో 11 స్థానాలకు పరిమితమైన ప్రతిపక్షం ఆ సమావేశాలకు దూరంగా ఉండిపోయింది. దాంతో నిలదీసే పని కూడా అధికార కూటమి ఎమ్మెల్యేల మీదే పడింది. తమ నియోజకవర్గం రోడ్ల గురించి వాళ్లు గట్టిగానే అడిగారు. కానీ సొంత ప్రభుత్వాన్ని అడగడానికి ఒక హద్దు ఉంటుంది కదా.

ఇక అంకెల్లోకి వెళ్దాం. బడ్జెట్ పుస్తకంలో ప్రతి పద్దు పక్కన నాలుగు గడులు ఉంటాయి. 2025-26 పుస్తకం తీసుకుంటే మొదటి గడిలో 2023-24లో నిజంగా అయిన ఖర్చు, రెండో గడిలో 2024-25కు వేసిన అంచనా, మూడో గడిలో దాన్నే సవరించిన అంచనా, నాలుగో గడిలో 2025-26 అంచనా. మంత్రి ప్రసంగంలో వినపడేది, మర్నాడు పత్రికల్లో పెద్దక్షరాల్లో వచ్చేది నాలుగో గడి. నా మటుకు నేను ముందు చూసేవి రెండు, మూడు గడులు. పోయినేడు వెయ్యి కోట్లని చెప్పి, సవరించిన అంచనాలో నాలుగు వందలకు దించిన శాఖకు ఈ ఏడాది పన్నెండు వందలు ఇస్తున్నామంటే దాన్ని ఇరవై శాతం పెంపు అనాలా, మూడు రెట్లు అనాలా? మంత్రి మొదటిది అంటాడు. మూడో గడి చదివినవాడు మాత్రం 'ఈసారి ఎంతకు దించుతారు?' అని అడుగుతాడు.

ఎందుకు దించుతారంటే, రాబడి అంచనా తప్పుతుంది కాబట్టి. తెలంగాణ 2023-24 బడ్జెట్‌లో కేంద్రం నుంచి గ్రాంట్ల రూపంలో 41 వేల కోట్లకు పైగా వస్తాయని రాసుకున్నారు. ఏడాది ముగిసేసరికి వచ్చింది పది వేల కోట్ల లోపే. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని డబ్బును ముందే శాఖలకు పంచేశారు. ముప్పై వేల కోట్లు తక్కువ పడ్డప్పుడు జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆపలేరు. ఆగేవి రోడ్లు, భవనాలు, మంచినీటి పైపులైన్లు. అభివృద్ధి పద్దులకు వేటు పడేది ఇలాగే. దానికి సభలో చర్చ ఉండదు, ఓటూ ఉండదు.

సభ ఆమోదం తర్వాత ఒక పనికి డబ్బు చేరే దారి ఇలా ఉంటుంది. ముందు పరిపాలనా అనుమతి జీవో, తర్వాత సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం. ఆర్థిక శాఖ విడతలవారీగా బడ్జెట్ విడుదల ఉత్తర్వు ఇస్తేనే సంబంధిత శాఖ ఖర్చు పెట్టగలదు. పని పూర్తయ్యాక కొలతలు, బిల్లు, ఖజానాలో టోకెన్. ఈ టోకెన్ దగ్గరే చిన్న కాంట్రాక్టర్లు, మాజీ సర్పంచులు ఏళ్లతరబడి ఆగిపోయి ఉంటారు. బిల్లు పాసై, కంప్యూటర్లో టోకెన్ నంబరు కూడా వచ్చాక డబ్బు మాత్రం పడదు. పద్దు ఉంది, అనుమతి ఉంది, పని కూడా అయిపోయింది. నగదు లేదు, అంతే.

దీనికి తలకిందులుగా జరిగేది ఇంకొకటుంది. మార్చి నెలాఖరున ఒక శాఖ తన పద్దులోని సొమ్మును ఏదైనా కార్పొరేషన్ పీడీ ఖాతాకు, అంటే పర్సనల్ డిపాజిట్ ఖాతాకు బదిలీ చేస్తుంది. పుస్తకంలో అది 'ఖర్చు'గా పడిపోతుంది. కానీ గునపం నేలకు తగలదు. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఈ పీడీ ఖాతాల మీద పదే పదే అభ్యంతరం చెప్పింది. అందుకే మొదటి గడిలోని 'నిజ ఖర్చు'ను కూడా కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు.

అభివృద్ధి పద్దులో అసలు కనపడనే కనపడని ఖర్చు మరో రకం. తెలంగాణలో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథకు సింహభాగం డబ్బు పంచాయతీరాజ్ పద్దు నుంచి రాలేదు. తాగునీటి సరఫరా కార్పొరేషన్ పేరిట తెచ్చిన అప్పుల నుంచి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అమరావతికి 2025-26 బడ్జెట్‌లో 6,000 కోట్లు చూపారు. అక్కడి పనులకు ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకుల ద్వారా 15,000 కోట్ల ఏర్పాటు ఒకటి, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏకు కేంద్ర ప్రభుత్వ రుణ సంస్థ హడ్కో ఇచ్చే 11,000 కోట్ల రుణం ఒకటి వేరే ఉన్నాయి. పని మంచిదా చెడ్డదా అన్నది కాదు ఇక్కడి ప్రశ్న. కార్పొరేషన్ అప్పు మీద సభలో ఓటింగ్ ఉండదు. అది తీర్చాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం వాయిదా సొమ్ము పద్దులోకి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కాదనే వీలు ఎవరికీ ఉండదు. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి అప్పులను రాష్ట్రం సొంత అప్పుగానే లెక్కగడతామని చెప్పినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గగ్గోలు పుట్టింది అందుకే.

కరెంటు సంగతి ఇంతకంటే చిక్కు. తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో విద్యుత్తుకు 21,221 కోట్లు, అంటే వందలో ఏడు రూపాయలు. ఇంత డబ్బుతో కొత్త ప్లాంట్లు కడతారేమో అనిపిస్తుంది. పుస్తకంలో ఖాతా నంబరు చూస్తే సంగతి తేలిపోతుంది. 2801తో మొదలైతే అది రోజువారీ ఖర్చు, ముఖ్యంగా సబ్సిడీ. 4801 అయితే ఆస్తుల నిర్మాణం. 6801 అయితే అప్పుగా ఇచ్చింది. ఏ శాఖకైనా ఇదే సూత్రం. ఖాతా నంబరులో మొదటి అంకె 2 లేదా 3 అయితే తిని అరిగించుకునే ఖర్చు, 4 లేదా 5 అయితే మిగిలి ఉండే ఖర్చు. విద్యుత్ పద్దులో ఎక్కువ భాగం డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ సంస్థలకు ఇచ్చే సబ్సిడీయే.

ఆ సబ్సిడీ ఎలా తేలుతుంది? డిస్కంలు ఏటా తమకు ఎంత ఆదాయం కావాలో లెక్కగట్టి విద్యుత్ నియంత్రణ మండలికి, అంటే ఈఆర్‌సీకి ఇస్తాయి. మండలి విచారణ జరిపి ఏ వర్గానికి యూనిట్ ఎంతో తేలుస్తుంది. రైతుకు ఉచితంగా ఇవ్వాలి, ఇళ్లకు 200 యూనిట్ల వరకు బిల్లు వద్దు అని ప్రభుత్వం అనుకుంటే ఆ తేడా మొత్తం తనే కట్టాలి. అదీ ముందుగా కట్టాలి. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెప్పేది ఇదే. 2004 మే నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సాగుకు ఉచిత కరెంటు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటలైంది. ఈ విధానం జోలికి ఏ పార్టీ కూడా పోదు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపుపై ఉద్యమం బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన ఏ ముఖ్యమంత్రీ దాన్ని మర్చిపోలేదు.

కాబట్టి సభలో గొడవ ఉచితం ఉండాలా వద్దా అన్నదాని మీద జరగదు. దాని ఖరీదు ఎవరి పుస్తకంలో దాగుంది అన్నదాని మీద జరుగుతుంది. పద్దులో చూపిన సబ్సిడీ ఈఆర్‌సీ తేల్చినదానికంటే తక్కువైనా, చూపింది ఆలస్యంగా విడుదలైనా డిస్కం అప్పు చేసి కరెంటు కొంటుంది. ఎత్తిపోతల పథకాలు, పంచాయతీల వీధిదీపాలు, మంచినీటి మోటార్లు వాడుకునేదీ ఈ కరెంటునే. వాటి బిల్లులు ప్రభుత్వ శాఖలే ఎగ్గొడతాయి. మామూలు ఇంటికి ఫ్యూజు పీకినట్టు ప్రభుత్వ ఆఫీసుకు పీకడం లైన్‌మన్ వల్ల అవుతుందా? 2023 డిసెంబర్ 21న తెలంగాణ సభలో పెట్టిన శ్వేతపత్రం విద్యుత్ సంస్థల అప్పు 81,516 కోట్లనీ, డిస్కంల పేరుకుపోయిన నష్టం 62,461 కోట్లనీ చెప్పింది. పాత ప్రభుత్వం దాని మీద తన వాదన తను వినిపించింది. 2024 జూలైలో ఆంధ్రప్రదేశ్‌లోనూ విద్యుత్తు మీద శ్వేతపత్రం వచ్చింది, అక్కడా ఇదే తంతు. రెండు చోట్లా ఎవరు అధికారంలో ఉన్నారన్నది మారింది గానీ, ఆ అంకెలు ఏళ్లతరబడి విద్యుత్ పద్దు బయటే పెరిగాయన్నది మారలేదు.

చివరకు ఆ లోటు ఎక్కడ తేలుతుందంటే, మన బిల్లులో. ట్రూ అప్ చార్జీలు (అంచనాకు మించి అయిన ఖర్చును తర్వాత వసూలు చేసేవి), ఇంధన సర్దుబాటు చార్జీలు అని కింద చిన్నక్షరాల్లో వచ్చే వరుసలు ఆ లోటులో కొంత భాగమే. అవి ఈఆర్‌సీ ఉత్తర్వులు, నిబంధనల మీద వస్తాయి, పద్దుతో రావు. ఆ వరుసల గురించి ఎమ్మెల్యేని అడిగితే 'మా చేతుల్లో లేదు' అనేది అబద్ధం కాదు. కానీ సబ్సిడీ నెలనెలా సరిగ్గా విడుదలైందా అని సభలో అడగడం మాత్రం అతని చేతుల్లోనే ఉంది.

పర్యాటకానికి వచ్చేసరికి లెక్క పూర్తిగా మారిపోతుంది. 2025-26లో తెలంగాణ పర్యాటకానికి చూపింది 775 కోట్లు. వంద రూపాయల బడ్జెట్‌లో పావలా. ఆంధ్రప్రదేశ్‌లో 3,22,359 కోట్ల బడ్జెట్‌లో యువజన, పర్యాటక, సాంస్కృతిక శాఖలకు అన్నిటికీ కలిపి 469 కోట్లు. వందకు పదిహేను పైసలు. ప్రసంగాల్లో పర్యాటకానికి దక్కే చోటు చూస్తే ఎవరూ ఇలా ఊహించరు.

అయితే ఈ పావలాను చూసి నవ్వడం కూడా తొందరపాటే. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో 'టూరిజం' అనే మాటే లేదు. రాష్ట్ర జాబితాలో దేశంలోపలి తీర్థయాత్రలు, సత్రాలు ఉన్నాయి. పాత కాలపు మనిషి ప్రయాణానికి అవి సరిపోయాయి. ఇవాళ ఒక కుటుంబం రామప్ప గుడి చూసి రావాలంటే రోడ్డు ఆర్ అండ్ బీది, బస్సు ఆర్టీసీది, గుడి కేంద్ర పురావస్తు శాఖది, చెరువు నీటిపారుదలది, మరుగుదొడ్డి పంచాయతీది. పర్యాటక శాఖకు మిగిలేది హరిత హోటల్, బోటు, బోర్డు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటే లేదు.

ఈ చెదిరిపోయిన బాధ్యత ప్రాణాల మీదికి కూడా తెస్తుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగాక, అనుమతి ఎవరిది, తనిఖీ ఎవరిది అన్న ప్రశ్న పర్యాటక, నీటిపారుదల, పోర్టుల శాఖల మధ్య తిరిగింది. మూడు శాఖలకు మూడు పద్దులు. బోటు మాత్రం ఒక్కటే. నల్లమలలో సోమశిల వైపు ఏం కట్టాలన్నా అటవీ శాఖ మాట కావాలి. 'మా ఊళ్లో జలపాతాన్ని టూరిస్ట్ స్పాట్ చేయండి' అని ఎమ్మెల్యే అడిగితే 'అది అటవీ భూమి, ప్రతిపాదన పంపాం' అని మంత్రి చెప్పే జవాబు దాదాపు ఏటా మారదు.

అందుకే ఈ మధ్య పర్యాటకంలో కొత్తగా కనపడుతున్న డబ్బు రాష్ట్రం సొంత రాబడి నుంచి కాక కేంద్రం ఇచ్చే యాభై ఏళ్ల వడ్డీలేని రుణాల నుంచి వస్తోంది. 2024 నవంబర్‌లో దేశవ్యాప్తంగా 40 ప్రాజెక్టులకు మంజూరు చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గండికోట, రాజమండ్రి దగ్గరి అఖండ గోదావరి, తెలంగాణలో రామప్ప పరిసరాలు, సోమశిల అందులో ఉన్నాయి. ఒక్కోదానికి అరవై ఎనిమిది నుంచి తొంభై నాలుగు కోట్ల దాకా. రాష్ట్ర పర్యాటక పద్దు ప్రమాణంలో అది చాలా పెద్ద మొత్తం. వడ్డీ లేకపోయినా అప్పు అప్పే. కట్టినదాన్ని ఏటా ఊడ్చి, దీపాలు వెలిగించి నిలబెట్టే ఖర్చు మాత్రం 3452 ఖాతాలో రాష్ట్రమే చూపాలి. కొబ్బరికాయ కొట్టేది కట్టడానికే కాబట్టి ఆ ఖాతా మీద ఎవరికీ ఆసక్తి ఉండదు.

ఇంతటి పరిశీలన వంద మందికి పైగా కూర్చున్న సభలో, గంటకో పద్దు చొప్పున సాధ్యం కాదు. పార్లమెంటులో 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు పద్దులను ముందే చదివి, అధికారులను పిలిచి ప్రశ్నించి నివేదిక ఇస్తున్నాయి. కేరళ శాసనసభలో సబ్జెక్టు కమిటీలు అదే పని చేస్తాయి. సభ కొన్ని రోజులు ఆగి, కమిటీలు చూశాకే ఓటింగ్‌కు వస్తుంది. మన దగ్గర ఆ అలవాటు నిలదొక్కుకోలేదు. కెమెరా లేని గదిలో, పార్టీ విప్ భయం లేకుండా ఖాతా నంబర్లు పట్టుకుని అడిగే అవకాశం ఎమ్మెల్యేకు దొరకదు. దొరికేది లైవ్‌లో పది నిమిషాల మైకు. ఆ పది నిమిషాల్లో ఎవరైనా నియోజకవర్గం జాబితానే చదువుతారు, లేదంటే ఎదుటి పార్టీని తిడతారు.

ఇక మనకు మిగిలింది ఖర్చయ్యాక చూసే కమిటీ. సభ అనుమతించిన దానికంటే ఏదైనా పద్దులో ఎక్కువ ఖర్చయితే 205వ అధికరణ ప్రకారం ప్రభుత్వం మళ్లీ సభ దగ్గరకు వచ్చి క్రమబద్ధం చేయించుకోవాలి. కాగ్ నివేదిక ఆధారంగా ప్రజా పద్దుల కమిటీ దాన్ని పరిశీలిస్తుంది. ఏళ్ల నాటి అదనపు ఖర్చులు ఇంకా క్రమబద్ధం కాలేదని కాగ్ రాస్తూనే ఉంది. ఆ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024 సెప్టెంబర్‌లో తెలంగాణలో అది ప్రతిపక్ష బీఆర్ఎస్ తరఫున గెలిచిన ఎమ్మెల్యే అరికెపూడి గాంధీకి దక్కింది. ఆయన అధికార కాంగ్రెస్‌లోకి ఫిరాయించాడని, తమ మనిషి కాదని బీఆర్ఎస్ గొడవకు దిగింది. నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జనసేనకు చెందిన పులపర్తి రామాంజనేయులు అధ్యక్షుడయ్యారు. ఆయన పార్టీ ప్రభుత్వంలో ఉంది. 2024 జూలై 29 రాత్రి పాసైన 19 పద్దుల ఖర్చు లెక్కలు తేలాక వెళ్లేది అలాంటి కమిటీ ముందుకే.